నిశ్శబ్దం బోర్డు కింద ఒక ‘ఫిర్’

లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యానని చెబితే ఈ కాలం పిల్లలు నన్ను పెద్ద చదువరిననుకుంటారు. అనుకుంటే నాకు పోయేదేమీ లేదు గానీ, ముందే నిజం చెప్పేస్తే తర్వాత గుర్తుపెట్టుకోవాల్సిన అబద్ధాలు తగ్గుతాయి. నేను చదివింది ఐదో తరగతి, అదీ సగం. మా నల్లగొండ పల్లెలో లెక్కల సారు రోజూ నా చెవి మెలిపెట్టేవాడు. చదువు కావాలా, చెవి కావాలా అని బాగా ఆలోచించుకుని ఒకరోజు చెవి తీసుకుని ఇంటికి వచ్చేశాను. తెలివైన పనే చేశాను. తర్వాత ఆ చెవులతోనే ఉద్యోగం వెళ్లదీశాను. లైబ్రరీ అటెండరుకు కళ్లకన్నా చెవులతోనే ఎక్కువ పని. ఎవరు గుసగుసలాడుతున్నారు, ఎవరు చప్పుడు కాకుండా పేజీ చింపుతున్నారు, ఎవరు పుస్తకం అడ్డం పెట్టుకుని గురక పెడుతున్నారు, అన్నీ చెవులే చెబుతాయి.

ఆ చెవులు ఇప్పటికీ ఒక చప్పుడు వింటే బిగుసుకుంటాయి. షట్టరు చప్పుడు. పక్కింటి కిరాణా దుకాణం మూసినా సరే, నా చేతిలో చాయ్ తొణుకుతుంది. ఎందుకో చెబుతాను.

మా లైబ్రరీ చైతన్యపురి మెయిన్ రోడ్డుకు కాస్త లోపల, కిరాయికి తీసుకున్న రెండు మల్గీల్లో ఉండేది. మల్గీలంటే దుకాణాల కోసం కట్టిన గదులు. అందుకే మా లైబ్రరీకి తలుపు లేదు, షట్టరు ఉంది. వెనకవైపు పాత పేపర్లు పడేసే చిన్న గది. గోడ మీద నేను స్వయంగా రంగుతో రాసిన బోర్డు: ‘నిశబ్దం పాటించండి’. అది చూసి మా లైబ్రేరియన్ మేడమ్ నెత్తి కొట్టుకుంది.

“ఏవయ్యా, ఇక్కడ శకారానికి వత్తు ఉండాలి కదా, ఏదీ?”

“చప్పుడు చేస్తుందని తీసేసిన మేడమ్.”

ఆమె నవ్వాపుకోలేకపోయింది. బోర్డు అలాగే ఉండిపోయింది.

మేడమ్‌ది గుంటూరు వైపు. అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. మా రీడింగు టేబులుకు ఒకవైపు నల్లగొండ నుంచి వచ్చి ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు, రెండోవైపు కోస్తా నుంచి వచ్చి కోచింగు హాస్టళ్లలో ఉండే పిల్లలు. పేపరు మాత్రం ఒకటే. సాయంత్రానికి అది రెండు రాష్ట్రాలయ్యేది. నేను మళ్లీ జిగురు పెట్టి సమైక్యం చేసేవాణ్ణి. నాకూ తెలంగాణ రావాలనే ఉండేది. కానీ పొద్దున్నే ఫ్లాస్కు మూత తీసి నాకు ఇంత చాయ్ పోసే చెయ్యి గుంటూరుది. అందుకని నేను నినాదాలు ఇంట్లోనే ఇచ్చుకునేవాణ్ణి.

మేడమ్ బస్సులో మాట్లాడటం మానేసింది. నోరు విప్పితే ‘అండీ’ బయటపడుతుందని భయం. కండక్టరుకు డబ్బులిచ్చి వేలితో సైగ చేసేది. సరే, నేనే గురువునయ్యాను.

“మేడమ్, ‘ఏంటి’ అనకుండ్రి. ‘ఏంది’. ‘ఎలా’ కాదు, ‘ఎట్ల’. ఏదీ, అనుండ్రి?”

“ఎట్లండీ?”

“అది షేర్వాణీ మీద పంచె కట్టినట్టుంది మేడమ్.”

ఆమె నేర్చుకోలేదు గానీ, ఆమెను వెక్కిరించీ వెక్కిరించీ ఆమె భాష నాకు వచ్చేసింది. “వచ్చేశామండీ, సర్దేశామండీ, మూసేశామండీ” అని నేను చేతులు కట్టుకుని అంటుంటే టేబులుకు రెండువైపులా నవ్వేవాళ్లు. మేడమ్ కూడా నవ్వేది. ఆ వేళాకోళం ఒకరోజు నా పీకల మీదికే వస్తుందని అప్పుడు తెలియలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఖాకీ చొక్కా మనిషి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి షట్టరు దగ్గర నిలబడ్డాడు.

“అన్నా, పిల్లలను జర ఈడ కూసోబెట్టొచ్చా? ఫీజెంత?”

ఫీజు లేదంటే నమ్మలేదు. ఊళ్లో సర్కారు ఊరికే ఇచ్చేది తిట్లేనని అతని నమ్మకం. మాటల్లో తెలిసింది, అతనిదీ నల్లగొండ జిల్లానే. చిన్నప్పుడు ఇద్దరం ఒకే సంతలో జిలేబీలు తిన్నవాళ్లం. ఎల్బీ నగర్ నుంచి విజయవాడకు ప్రైవేటు బస్సు నడుపుతాడు. చీకటితో పోయి సాయంత్రానికి తిరిగొస్తాడు. భార్య కొత్తపేటలో ఒక దవాఖానలో ఆయా. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు.

“రోజులు మంచిగ లేవన్నా. తాళమేసి పోవుడు భయమైతాంది,” అన్నాడు.

“తోలియ్ భాయ్. ఈడ బీరువాలు తప్ప ఎవ్వరు కొట్లాడుకోరు,” అన్నాను.

అతను వెనక్కి తిరిగి పది అడుగులు వేశాడో లేదో పిల్లవాడు “అబ్బా!” అని గట్టిగా కేక పెట్టాడు. నేను స్టూలు మీంచి దూకాను.

“ఏమైందిరా? ఏడ తాకింది? రక్తమొచ్చిందా?”

వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అక్క నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

“గది దెబ్బ కాదు చాచా. మా నాయినను పిలుస్తుండు. మేము ‘అబ్బా’ అంటం.”

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం వాళ్ల నాన్న రాగానే వాడు “అబ్బా!” అనడం, నేను “మందు రాయాల్నా?” అనడం మామూలైపోయింది.

అక్క ఏడో తరగతి, సర్కారు బడి, తెలుగు మీడియం. తమ్ముడు మూడో తరగతి, ప్రైవేటు బడి, ఇంగ్లీషు మీడియం. ఇద్దర్నీ ప్రైవేటులో చదివించే తాహతు లేదు. ఒక్కరికైతే సరిపోతుంది. ఆ ఒక్కరు ఎవరవుతారో మీకు చెప్పక్కర్లేదు. దాని గురించి ఆ పిల్ల ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బాధగా ఉండేది. తెలుగును నీళ్లు తాగినట్టు చదివేది. వాడికి తెలుగులో అక్షరం ముక్క రాదు. రాదని సిగ్గుపడకుండా, “ఆపా తెలుగు మీడియం” అని ఆమెనే ఏడిపించేవాడు. ఆపా అంటే అక్క. ఇద్దరూ చెరో పుస్తకం పట్టుకుని వీపులు ఆనించి కూర్చునేవాళ్లు. వాడు బొమ్మలన్నీ ఒక్క నిమిషంలో తిప్పేసి, ఇక అక్కను మోచేత్తో పొడవడం. ఆమె గిల్లడం. వాడు ఏడవడం. నా వత్తు లేని బోర్డుకు వాళ్లిద్దరే మొదటి శత్రువులు.

ఒకరోజు విసుగొచ్చి మొహం గంభీరంగా పెట్టుకుని చెప్పాను. “సర్కారు కొత్త జీవో ఒచ్చింది. ఇగ నుంచి ఒక ఇంటికి ఒకటే పుస్తకం. ఇద్దరు కలిసే చదవాలె.”

“ఏదీ, చూపియ్ చాచా,” అంది ఆ పిల్ల.

నేను తడుముకోకుండా టేబులు మీదున్న ఏదో సర్క్యులరు తీసి చేతిలో పెట్టాను. ఆమె మొదటి నుంచి చివరి దాకా చదివింది.

“ఇందుల చెదల మందు కొట్టుమని ఉంది చాచా.”

“అదే బిడ్డా. ఒక్కలే చదివితే పుస్తకాలకు చెదలు పడ్తయంట.”

ఆమె నా మొహం చూసింది. అబద్ధమని ఆమెకు తెలిసింది. తెలిసిందని నాకూ తెలిసింది. అయినా ఆ పిల్ల మొదటిసారి నవ్వి, ఒకటే పుస్తకం తీసుకుని వెళ్లి తమ్ముడి పక్కన కూర్చుంది.

అట్ట ఊడిపోయిన పాత కథల పుస్తకమది. ఒక ఎద్దు మెడలో గంట పోగొట్టుకుంటుంది. ఊరూరా తిరుగుతూ “నా చప్పుడు ఎవరైనా విన్నారా?” అని అడుగుతుంది. ఒక్కో ఊళ్లో ఒక్కో సంగతి జరుగుతుంది. ఆమె చదువుతుంటే వాడు బిత్తరచూపులు చూస్తున్నాడు.

“ఒరేయ్, కథ వినేటోడు ఊ కొట్టాలె. లేకుంటే కథ ముందుకు నడవది,” అన్నాను.

“మా నానీ కథ చెప్తే మేము ‘ఫిర్?’ అంటం,” అన్నాడు వాడు. నానీ అంటే అమ్మమ్మ. ‘ఫిర్’ అంటే, తర్వాత ఏమైంది అని అడగడమన్నమాట.

“గట్లయితే గదే అను. ఎద్దుకు ఉర్దూ ఒస్తది.”

అనడమైతే అన్నాను. వాడు ఆమె ఊపిరి తీసుకున్నప్పుడల్లా బస్టాండులో కేకేసినట్టు “ఫిర్?” అంటుంటే టేబులు దగ్గరి వాళ్లు తలలెత్తి, “ఇది లైబ్రరీయా, ఖవ్వాలీయా?” అన్నారు. మేడమ్ లేచింది. తిడుతుందనుకున్నాను. పాత పేపర్ల గది తాళం తీసి, “ఇందులో కూర్చోండి నాన్నా. మెల్లగా అనాలి, సరేనా?” అంది. అలా ఆ గదికి ప్రాణం వచ్చింది. పక్కపక్కన కూర్చుని, ఒక మోకాలి మీద పుస్తకంలో ఒక పేజీ, రెండో మోకాలి మీద రెండో పేజీ. మోకాళ్లు ఇద్దరివీ చెరొకటి. కొన్నాళ్లకు వాడు బొమ్మ కింద ఉన్న ‘ఎద్దు’ అనే మాట గుర్తుపట్టి ఎగిరి గంతేశాడు. ‘తెలుగు మీడియం’ అని వెక్కిరించడం ఎప్పుడు మానేశాడో ఎవరూ గమనించలేదు.

వాళ్ల నాన్న సాయంత్రం వచ్చి, చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, ఆ గది బయట గోడకు ఆనుకుని నిలబడేవాడు.

“లోపలికి పో భాయ్,” అనేవాణ్ణి.

“వొద్దన్నా. నన్ను చూస్తే చదువుడు ఆపి మీదికి దుంకుతరు. జర ఇననియ్. నాకు బస్సు బోర్డులు తప్ప ఏం చదవరాదు.”

కాసేపయ్యాక, ఆమె వాక్యం పూర్తి చేసి ఆగినప్పుడు, పిల్లవాడికన్నా ముందు గోడ అవతలి నుంచి తనే “ఫిర్?” అనేవాడు. లోపల నుంచి “అబ్బా!” అనే కేక. బయట నుంచి “మందు రాయాల్నా?” అని నా పాత జోకు.

ఒకసారి అతని బస్సు అద్దానికి రాయి తగిలింది. ముందు అద్దానికి ఇనుప జాలీ కట్టించుకున్నాడు. “డ్రైవర్‌ది నల్లగొండ, కిలీనర్‌ది పాలమూరు. బోర్డు మీద విజయవాడ అని ఉంటది. రాయికి బోర్డే కనబడ్తది అన్నా,” అన్నాడు. అది పిల్లల ముందే అన్నాడు. ఆ మర్నాటి నుంచి వాడు “ఫిర్?” అంటూనే కళ్లు గడియారం మీద పెట్టడం మొదలుపెట్టాడు. అక్క అది చూసి, సాయంత్రం కాగానే గడియారానికి వీపు వచ్చేలా వాణ్ణి అటు తిప్పి కూర్చోబెట్టేది.

ఎద్దు కథ చివరికొచ్చింది. ఆఖరి ఊరు ఒక్కటే మిగిలింది. పిల్లవాడు పుస్తకం మూసి పట్టుకున్నాడు.

“రేపు అబ్బా జల్ది వస్తనన్నడు. గిది అబ్బాతోని చదువుదాం.”

ఆ రేపే నేను చెప్పబోయే రోజు.

మధ్యాహ్నం బాగానే ఉంది. బడి వదిలారు, పిల్లలు వచ్చారు. నేను జిగురు కలుపుతున్నాను. అప్పుడు దూరంగా, దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి ఒక చప్పుడు మొదలైంది. షట్టర్లు దించుతున్న చప్పుడు. ఒక దుకాణం, తర్వాత పది దుకాణాలు, తర్వాత వీధి వీధంతా. గాలివాన నడిచి వస్తున్నట్టు దడదడమంటూ మా సందు మొగ దాకా వచ్చేసింది. అప్పట్లో మెట్రో లేదు, రోడ్డు మీద అడ్డంగా స్తంభాలు లేవు. ఏ చప్పుడైనా నేరుగా వచ్చి గుండెకు తగిలేది.

రోజూ మా టేబులు దగ్గర చదువుకునే నల్లగొండ కుర్రాడొకడు, ఉద్యమంలో తిరిగేవాడు, పరుగెత్తుకొచ్చాడు.

“షట్టర్ దింపుండ్రి! యూనివర్సిటీల పోరగాండ్లను కొట్టిండ్రట. బంద్. మేడమ్‌ను లోపల్నే ఉంచుండ్రి. ఎల్బీ నగర్ల పరిస్థితి బాగ లేదు, విజయవాడ బస్సొకటి తగలబడ్తాంది.”

అనేశాక వెనక గది గుమ్మంలో నిలబడ్డ పిల్లల్ని చూశాడు. ఈ పిల్లల తండ్రి ఏం పని చేస్తాడో అతనికి తెలుసు. నాలుక కరుచుకున్నాడు. తిరిగి రోడ్డు మీదికి పరుగెత్తాడు.

నేను షట్టరు దించాను. నా జీవితంలో అంత చీకటి చేతులారా దించింది అదొక్కసారే. టేబులు దగ్గరివాళ్లు అప్పటికే హాస్టళ్లకు పరుగెత్తారు. లోపల మేడమ్, నేను, ఆ ఇద్దరు పిల్లలు. లైట్లు ఆర్పేశాం. పాత పేపర్ల గదిలో పైన వెంటిలేటరు నుంచి వచ్చే వెలుతురే వెలుతురు. నలుగురం అందులో దూరాం. వాళ్ల అమ్మ మేడమ్ ఫోనుకు చేసి ఏడుస్తూ చెప్పింది. దవాఖాన గేట్లు మూసేశారట, పిల్లల్ని బయటికి పంపొద్దని. ఆ పిల్ల ఫోను తీసుకుని వాళ్ల నాన్నకు చేసింది. చెవికి ఆనించుకుని చాలాసేపు విని, తీసి, మళ్లీ చేసింది. స్విచ్ఛాఫ్ అని చెప్పే ఆ ఆడమనిషి గొంతు మాకందరికీ వినిపిస్తూనే ఉంది.

“కాలింది అబ్బా బస్సేనా?” అన్నాడు పిల్లవాడు.

నేను ఎన్నో జోకులు వేసినవాణ్ణి. ఆ నిమిషాన నోట్లో ఉమ్మి కూడా లేదు. వాడి పెదవి వణికింది. ఏడుపు పెద్దదైతే బయటికి వినిపిస్తుంది. బయట పరుగులు, విజిళ్లు, ఎక్కడో టియర్ గ్యాస్ పేలిన చప్పుడు. కాసేపటికి వెంటిలేటరు నుంచి ఘాటు దిగి కళ్లు మండాయి. మేడమ్ కొంగు తడిపి పిల్లల మొహాలకు అద్దింది. నా మోకాళ్లు రెండూ చెరో రాష్ట్రం కావాలని కొట్టుకుంటున్నాయి.

అప్పుడు ఆ పిల్ల పుస్తకం తెరిచింది.

“ఆఖరి ఊరు అబ్బాతోని గదా,” అన్నాడు వాడు వెక్కుతూ.

“గిది ఆఖరిది కాదురా. దీనికి ముందు ఇంకో ఊరున్నది. నిన్న మర్సిపోయినం,” అంది. చదవడం మొదలుపెట్టింది. ఎద్దు ఒక కుమ్మరుల ఊరికి పోయిందట. అక్కడ కుండలన్నీ గంటల్లా మోగుతున్నాయట.

ఆమె గొంతు గాలి కన్నా సన్నగా ఉంది. వాడు కన్నీళ్లు మింగి, పెదాలతో మాత్రమే “ఫిర్?” అన్నాడు.

ఆ ఊరు అయిపోయింది. ఇంకో ఊరు వచ్చింది. అందరూ చెవిటివాళ్లే ఉన్న ఊరు. నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపటికి గానీ నా బుర్రకు తట్టలేదు. ఆ పిల్ల పేజీ తిప్పడం లేదు. ఆమె వేలు అక్షరాల మీద నడుస్తోంది, కళ్లూ నడుస్తున్నాయి. కానీ పేజీ అదే. వెంటిలేటరు వెలుతురు పడుతున్న ఆ ఒక్క పేజీ మీదే ఊరి తర్వాత ఊరు పుడుతోంది. ఆఖరి ఊరు రానివ్వడం లేదు. వాళ్ల నాన్న వచ్చేదాకా ఆ ఎద్దును ఎటైనా నడిపిస్తూనే ఉంటుందన్నమాట. ఆయన రాకపోతే? ఆ ఆలోచన వచ్చి నేను నా చెవులు మూసుకున్నాను.

అంతలో షట్టరు మీద ఇనుప రాడ్డుతో కొట్టారు. ధన్! ధన్! బీరువాలన్నీ గజగజలాడాయి.

“లోపల ఎవరున్నరు? బందని తెల్వదా?”

మేడమ్ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె మాట్లాడకూడదు. నేనే మాట్లాడాలి. నాది నల్లగొండ, నాకేం భయం? లేచి షట్టరు దగ్గరికి వెళ్లాను. నోరు తెరిచాను. నెలల తరబడి వెక్కిరించిన నాలుక, ఆ భయంలో తనకు బాగా అలవాటైన మాటలే పైకి తోసింది.

“మూసేశామండీ! లోపల ఎవరూ లేరండీ!”

బయట ఒక్క క్షణం నిశ్శబ్దం. వత్తుతో సహా.

“ఎవడ్రా గీడు, అండీ గిండీ అంటుండు? ఆంధ్రోడున్నడు లోపల. లేపుండ్రి షట్టర్!”

షట్టరు కింది అంచు పట్టుకుని ఊపడం మొదలుపెట్టారు. నాది మీ ఊరేనని చెప్పబోయాను. గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. వెనక్కి చూస్తే మేడమ్ నా వైపు చూస్తోంది. ఆ చూపు నేను మర్చిపోలేదు. అప్పుడు నన్ను దాటుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని ఆ పిల్ల షట్టరు దగ్గరికి వెళ్లింది.

“అన్నా, మేము పిల్లలం. సదువుకుంటున్నం.”

ఊపడం ఆగింది. “మరి గా అండీ అన్నదెవరు?”

“మా చాచా. గాయనకు మస్కిరి జేసుడు, నవ్విచ్చుడు అలవాటు. మన తెలంగాణోడే అన్నా, నల్లగొండ.”

“గట్లనా? అయితే ఓ మాట మాట్లాడుమను.”

ఆమె నా చొక్కా పట్టుకుని లాగింది. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. మా అమ్మ నన్ను తిట్టే తిట్టు గుర్తొచ్చింది.

“ఏందిరా? ఏంది గా దంచుడు? మీ ఇండ్లల్ల పోరగాండ్లు లేరా? బెదుర్తలేరా పిల్లలు? మీ జిమ్మడ, పొండ్రి!”

సగంలో గొంతు కీచుమంది. బయట ఎవరో నవ్వారు. “మనోడే. పా.” అడుగులు దూరమయ్యాయి. ఒక గొంతు మాత్రం వెనక్కి వచ్చి మెల్లగా చెప్పింది. “షట్టర్ లేపకుండ్రి పెద్దమనిషీ. ఇయ్యాల మంచిగ లేదు.”

ఆ పిల్ల గదిలోకి వెళ్లి తమ్ముడి పక్కన కూర్చుని, వాడి మోకాలు లాగి తన మోకాలికి ఆనించి, పుస్తకం పరిచింది. ఆమె చేతుల్లో పుస్తకం ఆకుల చప్పుడు చేస్తోంది. అయినా ఎద్దు ఇంకో ఊరికి బయల్దేరింది.

వెంటిలేటరులో వెలుతురు పలచబడింది. ఆమె గొంతు బొంగురుపోయింది. ఇక ఊళ్లు కూడా అయిపోతున్నట్టున్నాయి. వచ్చిన ఊరికే మళ్లీ వచ్చింది ఎద్దు. పిల్లవాడు ఆ సంగతి ఎత్తలేదు. “ఫిర్?” అన్నాడు అంతే.

మళ్లీ షట్టరు మీద చప్పుడు. ఈసారి రాడ్డు కాదు. వేళ్లతో మెల్లగా తట్టినట్టు. నలుగురం కొయ్యబారిపోయాం. “ఎవరు?” అని అడగాలి. నా నాలుక మీద నాకు నమ్మకం పోయింది. మేడమ్ తల అడ్డంగా ఊపింది. మళ్లీ తట్టారు.

ఆ పిల్ల ఆపలేదు. షట్టరు వైపు చూస్తూనే, కాస్త పెద్దగా చదివింది. “ఎద్దు ఆ ఊరి పొలిమేరల నిలబడ్డది. నా చప్పుడు ఎవరైనా విన్నారా, అని అడిగింది.”

ఆగింది. పిల్లవాడు నోరు తెరవలేకపోయాడు. ఆ ఖాళీలోకి, షట్టరు అవతలి నుంచి, ఎండిపోయిన గొంతు ఒకటి మెల్లగా వచ్చింది.

“ఫిర్?”

“అబ్బా!” అని అరిచాడు పిల్లవాడు.

“అబ్బా,” అంది మేడమ్ గుండె మీద చెయ్యి వేసుకుని. “అబ్బా,” అన్నాను నేను. ఆ రోజు ఆ మాటకు అర్థం ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

షట్టరు మోకాలెత్తు లేపితే అతను పాక్కుంటూ లోపలికి వచ్చాడు. జుట్టు నిండా అద్దం పెంకులు, పంచదార చల్లినట్టు. హయత్‌నగర్ దగ్గర రాళ్లు పడితే ప్రయాణికుల్ని దించేసి, బస్సును ఒక సందులో పెట్టి, గల్లీల వెంట నడుచుకుంటూ వచ్చాడట. పారిపోతుంటే ఫోను ఎక్కడో పడిపోయిందట. పిల్లలిద్దరూ మీదపడ్డారు. పెంకులు గుచ్చుకుంటాయని చేతులు చాచి దూరంగా పట్టుకున్నాడు.

“కాలింది నాది కాదన్నా,” అన్నాడు నాతో. జుట్టులోంచి ఒక పెంకు తీసి పక్కన పెట్టి, “కానీ ఎవల్దో గదా,” అన్నాడు.

మందు రాయాలా అని అడగాల్సిన చోటది. మేడమ్ తడి కొంగుతో అతని నుదురు తుడవబోయి, కొంగు పిల్లవాడి చేతికిచ్చింది. బయట ఇంకా విజిళ్లు వినిపిస్తున్నాయి. వెళ్లే దారి లేదు. అతను పాత పేపర్ల మీద చతికిలబడి కూతురి వైపు చూశాడు.

“సదువు బిడ్డా. ఎందుకాపినవ్?”

ఆ పిల్ల పేజీ వైపు చూసింది. మధ్యాహ్నం నుంచి తెరిచి ఉన్న అదే పేజీ. తలెత్తలేకపోయింది. అప్పుడు తమ్ముడు పుస్తకం మీద చెయ్యి వేశాడు.

“ఆపా, ఇప్పుడు తిప్పు పేజీ.”

ఆమె ఉలిక్కిపడింది. “నీకు తెల్సా?”

“నాకు తెలుగు రాదు గనీ, పేజీ తిప్పింది లేంది తెల్వదా?”

“మరి ఫిర్, ఫిర్ అని ఎందుకన్నవ్?”

“నువ్వు ఆపొద్దని.”

ఆమె పేజీ తిప్పింది. ఆఖరి ఊరు మొదలుపెట్టింది. మొదటి వాక్యం చదివి ఊపిరి కోసం ఆగితే, తండ్రీ కొడుకులు ఒకర్ని చూసి ఒకరు, నువ్వను అంటే నువ్వను అన్నట్టు కూర్చున్నారు. ఆ సందులో మా మేడమ్, షట్టరు దించినప్పటి నుంచి గట్టిగా ఒక్క మాటైనా ఆడని మనిషి, చిన్న గొంతుతో అంది.

“ఫిరండీ?”

అందరం చేతులతో నోళ్లు గట్టిగా మూసుకుని నవ్వాం. షట్టరు అవతల ఎవరివో బూట్లు పరుగెడుతూనే ఉన్నాయి.